క్లౌడ్ బకెట్‌ని డ్రైవ్‌లా పెట్టుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆబ్జెక్ట్ స్టోరేజీని, అంటే క్లౌడ్ కంపెనీ సర్వర్లలో ‘బకెట్’ అనే అరలో ఫైళ్లు దాచుకునే ఏర్పాటుని, కంప్యూటర్‌లో మామూలు డ్రైవ్‌లా తెరుచుకోవడం గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవాటిని ఈసారి ఒకచోట చేర్చాం. కమాండ్లు, ఆప్షన్ల పేర్లను పలికే తీరులోనే రాశాం. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఆప్షన్ పేరు ముందు రెండు హైఫన్లు పెట్టాలి.

ప్రశ్న: నా ఫొటోలు, వీడియోలు ఎస్3 (అమెజాన్ ఆబ్జెక్ట్ స్టోరేజీ) తరహా బకెట్‌లో ఉన్నాయి. ప్రతిసారీ బ్రౌజర్ తెరవకుండా విండోస్‌లో ఎక్స్ డ్రైవ్‌లా కనిపించాలంటే మొదటి నుంచీ ఏమేం చేయాలి?

జవాబు: రెండు ప్రోగ్రాములు కావాలి. ఒకటి ఆర్‌క్లోన్, రెండోది విన్‌ఎఫ్ఎస్‌పీ. బకెట్‌తో మాట్లాడేది ఆర్‌క్లోన్. అది తెచ్చిన సమాచారాన్ని విండోస్‌కి డ్రైవ్ రూపంలో చూపించేది విన్‌ఎఫ్ఎస్‌పీ. రెండూ ఉచితమే. విన్‌ఎఫ్ఎస్‌పీని మామూలుగా ఇన్‌స్టాల్ చేయండి. ఆర్‌క్లోన్ జిప్‌గా వస్తుంది, విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే చాలు.

తర్వాత క్లౌడ్ కంపెనీ కన్సోల్‌లో ఈ పని కోసమే ఒక కొత్త యాక్సెస్ కీ తీసుకోండి. ఖాతా మొత్తాన్నీ ఏలే మాస్టర్ కీని ఇక్కడ వాడొద్దు. కొత్త కీకి నాలుగు అనుమతులు చాలు: జాబితా చూడటం, చదవడం, రాయడం, తీసేయడం. అమెజాన్‌లో చాలామంది తడబడేది ఇక్కడే. జాబితా అనుమతిని బకెట్ పేరు మీద ఇవ్వాలి. మిగతా మూడింటినీ బకెట్ పేరు, ఆపైన స్లాష్, నక్షత్రం గుర్తు ఉన్న వరస మీద ఇవ్వాలి. నాలుగూ నక్షత్రం వరస మీదే ఇచ్చేస్తే ఫైల్ పేరు తెలిసినవాడు దాన్ని తెరవగలడు గానీ, ఫోల్డర్‌లో ఏముందో చూడబోతే ‘యాక్సెస్ డినైడ్’ వస్తుంది.

ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఆర్‌క్లోన్ కాన్ఫిగ్’ కొట్టండి. కొత్త రిమోట్ (బకెట్‌ని చేరే వివరాల పట్టీ) కోసం ‘ఎన్’ నొక్కి, దానికి చిన్న పేరు పెట్టండి, ‘గూడు’ అనుకుందాం. స్టోరేజీ రకం అడిగినప్పుడు అంకె కాకుండా ‘ఎస్3’ అని రాయండి. జాబితాలో అంకెలు వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారిపోతుంటాయి. తర్వాత కంపెనీ పేరు, కీ, దాంతోపాటు వచ్చిన సీక్రెట్, రీజియన్ (బకెట్ ఉన్న ప్రాంతం) అడుగుతుంది. ఎండ్‌పాయింట్ అడిగినచోట అమెజాన్ వాడుతుంటే ఖాళీగా వదిలేయండి. మిగతావాళ్లు కంపెనీ ఇచ్చిన చిరునామా పెట్టాలి, అందులో బకెట్ పేరు కలపకూడదు.

డ్రైవ్ తెరిచే ముందు ‘ఆర్‌క్లోన్ ఎల్ఎస్‌డీ గూడు:బకెట్‌పేరు’ అని కొట్టి చూడండి. ఫోల్డర్లు కనిపిస్తే కీ, రీజియన్ సరిగ్గా ఉన్నట్టే. బకెట్ పేరు లేకుండా ఒట్టి ‘గూడు:’ అని కొడితే ఒక్క బకెట్‌కే పరిమితమైన కీ ఎర్రర్ ఇస్తుంది. అది తప్పేమీ కాదు, మీ ఖాతాలోని మిగతా బకెట్ల పేర్లు చూసే హక్కు ఆ కీకి లేదు, అంతే.

చివరగా ‘ఆర్‌క్లోన్ మౌంట్ గూడు:బకెట్‌పేరు ఎక్స్:’ అని రాసి, దాని పక్కన మూడు ఆప్షన్లు చేర్చండి: వీఎఫ్ఎస్-క్యాష్-మోడ్ ఫుల్, వీఎఫ్ఎస్-క్యాష్-మ్యాక్స్-సైజ్ 20జీ, క్యాష్-డిర్ ఎదురుగా ఖాళీ ఎక్కువున్న డిస్క్‌లో ఒక ఫోల్డర్. మౌంట్ అంటే డ్రైవ్‌లా తెరవడం, క్యాష్ అంటే ఫైళ్లను మీ డిస్క్‌లో తాత్కాలికంగా దాచే చోటు. ‘సర్వీస్ మొదలైంది’ అన్న అర్థంలో ఒక వరస వచ్చి అక్కడే ఆగుతుంది. ఆ కిటికీ తెరిచి ఉన్నంతసేపూ డ్రైవ్ ఉంటుంది, కంట్రోల్-సీ నొక్కితే పోతుంది. ఇదంతా మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లోనే చేయండి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చేస్తే డ్రైవ్ పుడుతుంది కానీ మీ ఎక్స్‌ప్లోరర్‌కి కనపడదు. డ్రైవ్ రావట్లేదని రాసినవాళ్లు ముందు ఇది చూసుకోండి.

ప్రశ్న: 4 జీబీ వీడియోని ఎక్స్ డ్రైవ్‌లోకి లాగితే నిమిషంలోపే కాపీ అయిపోయింది. నా ఇంటర్నెట్ అంత వేగం కాదు. కంప్యూటర్ ఆపేసి, వేరేచోట బ్రౌజర్‌లో చూస్తే ఆ ఫైలే లేదు. పోయిందా?

జవాబు: పోలేదు. మీ కంప్యూటర్‌లోనే క్యాష్ ఫోల్డర్‌లో ఉంది. అదే ఆప్షన్లతో, అదే క్యాష్ ఫోల్డర్‌తో మళ్లీ మౌంట్ చేస్తే మిగిలిపోయిన అప్‌లోడ్ తనంతట తనే మొదలవుతుంది. ఈలోపు ఆ ఫోల్డర్‌ని తుడిచేయకండి. ప్రస్తుతానికి మీ వీడియో క్లౌడ్‌కి సంబంధించినంతవరకూ లేనట్టే, ఉన్న ఒక్క కాపీ అక్కడే ఉంది.

ఇలా ఎందుకంటే, డ్రైవ్‌లోకి కాపీ చేసింది మొదట మీ డిస్క్‌లోని క్యాష్‌లో పడుతుంది. ఫైల్ మూసిన 5 సెకన్ల తర్వాత ఆర్‌క్లోన్ దాన్ని వెనకాల ఎక్కించడం మొదలుపెడుతుంది. విండోస్ చూపించే పచ్చగీత క్యాష్‌లో పడేదాకే లెక్క. అసలు ప్రయాణం ఆ గీత నిండాక మొదలవుతుంది. ఈ తరహా డ్రైవ్ వాడేవాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

మరి ఎక్కిందో లేదో తెలిసేదెలా? మౌంట్ కమాండ్‌కి ఒక హైఫన్, ‘వి’ అక్షరం చేర్చండి. నిమిషానికోసారి లాగ్‌లో ‘వీఎఫ్ఎస్ క్యాష్: క్లీన్డ్’ అంటూ ఒక వరస పడుతుంది. అందులో ‘టు అప్‌లోడ్’, ‘అప్‌లోడింగ్’ అన్న మాటల పక్కన అంకెలుంటాయి. కాపీ అయ్యాక వచ్చే వరసలో ఆ రెండూ 0 అయితేనే కంప్యూటర్ ఆపండి. ‘టు అప్‌లోడ్ 3’ అని ఉంటే ఇంకా 3 ఫైళ్లు వరసలో నిలబడి ఉన్నాయన్నమాట. మెమరీ కార్డును చెరిపేసే ముందు మాత్రం లాగ్ ఒక్కటే నమ్ముకోకండి. ‘ఆర్‌క్లోన్ చెక్’ కమాండ్‌కి కార్డులోని ఫోల్డర్‌నీ, బకెట్‌లోని ఫోల్డర్‌నీ ఇచ్చి పోల్చి చూడండి. తేడాలు 0 అని చెప్పాక చెరపండి.

ప్రశ్న: ఎక్స్ డ్రైవ్‌లో 1 పెటాబైట్ ఖాళీ ఉందని చూపిస్తోంది. కానీ నా సి డ్రైవ్ నిండిపోతోంది. ఎందుకు?

జవాబు: బకెట్‌కి ఇంత పరిమాణం అని హద్దు ఉండదు. ఏదో ఒక అంకె చూపకపోతే విండోస్ ఒప్పుకోదు కాబట్టి ఆర్‌క్లోన్ 1 పెటాబైట్ అని చెబుతుంది. దాన్ని పట్టించుకోకండి. మీకు లెక్కలోకి వచ్చేది క్యాష్ ఉన్న డిస్క్‌లోని ఖాళీయే.

క్యాష్-డిర్ ఇవ్వకపోతే క్యాష్ సి డ్రైవ్‌లోనే, మీ యూజర్ ఫోల్డర్ కింద చేరుతుంది. మ్యాక్స్-సైజ్ ఇవ్వకపోతే దానికి పైహద్దే లేదు. ఒక గంటపాటు ఎవరూ ముట్టని ఫైళ్లను మాత్రమే తీసేస్తుంటుంది. 20 జీబీ అని హద్దు పెట్టినా కొన్నిసార్లు దాటుతుంది. తెరిచి ఉన్న ఫైల్‌నీ, ఇంకా ఎక్కని ఫైల్‌నీ తీసేయకూడదు కదా. పైగా హద్దు దాటిందా అని చూసేది నిమిషానికి ఒక్కసారే. కాబట్టి ఒకేసారి 60 జీబీ లాగి పడేస్తే 60 జీబీ చోటూ కావాల్సిందే. అంత పెద్ద మొత్తాన్ని డ్రైవ్ ద్వారా పంపడం అనవసరం కూడా. ‘ఆర్‌క్లోన్ కాపీ’ కమాండ్ క్యాష్ జోలికి పోకుండా నేరుగా బకెట్‌లోకి ఎక్కిస్తుంది, మధ్యలో ఆగిపోతే మళ్లీ కొట్టినప్పుడు ఎక్కిన ఫైళ్లను వదిలేసి మిగతావి అందుకుంటుంది.

క్యాష్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన బయటి డిస్క్ మీద పెట్టొద్దు. ఫుల్ మోడ్‌లో ఫైల్‌లో చదివిన ముక్కలను మాత్రమే దాచుకునే ఏర్పాటు ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ సదుపాయం లేదు, డ్రైవ్ పాకడం మొదలుపెడుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే ఇబ్బంది లేదు.

ప్రశ్న: అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌ని ఈ డ్రైవ్‌లోనే పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి వాడొచ్చా?

జవాబు: వద్దు. డేటాబేస్, అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైల్, వర్చువల్ మెషీన్ డిస్క్, ఇవేవీ ఇందులో పెట్టకండి. బకెట్‌లో ఉన్న ఆబ్జెక్ట్‌లో (అక్కడ ఫైల్‌ని ఇలాగే పిలుస్తారు) నడుమ నాలుగు బైట్లు మార్చే వీలు లేదు, మొత్తం మళ్లీ రాయాల్సిందే. 2 జీబీ డేటాబేస్‌లో ఒక్క ఎంట్రీ మారి ఫైల్ మూసినా 2 జీబీ మళ్లీ ఎక్కుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం తాళం లేకపోవడం. ఒక కంప్యూటర్‌లో ఫైల్ తెరిచి ఉందన్న సంగతి రెండోదానికి తెలియదు. ఇద్దరూ సేవ్ చేస్తే చివర ఎక్కినదే నిలుస్తుంది, ముందుది ఎర్రర్ కూడా చూపకుండా పోతుంది. డేటాని మామూలు డిస్క్‌లోనే ఉంచి, సాఫ్ట్‌వేర్ తీసిచ్చే బ్యాకప్ ఫైల్‌ని మాత్రం బకెట్‌లోకి పంపండి.

బకెట్ మీదే నిజమైన ఫైల్ సిస్టమ్ కావాలంటే జ్యూస్‌ఎఫ్ఎస్ లాంటివి ఉన్నాయి. అవి ఫైళ్లను ముక్కలు చేసి బకెట్‌లో పెట్టి, పేర్లూ వివరాలూ వేరే డేటాబేస్‌లో రాసుకుంటాయి. అప్పుడు బకెట్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే మీ ఫైళ్లు కనిపించవు, ముక్కలే కనిపిస్తాయి. ఆ డేటాబేస్‌ని కాపాడుకునే బాధ్యత కూడా మీదే అవుతుంది.

ప్రశ్న: 12,000 ఫొటోలున్న ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతోంది. ఇంటర్నెట్ వేగంగానే ఉంది.

జవాబు: ఇక్కడ అడ్డుపడేది వేగం కాదు, వెళ్లొచ్చే రిక్వెస్టుల సంఖ్య. ఎస్3 జాబితా ఒక్కసారికి 1,000 పేర్లు ఇస్తుంది. అంటే 12 సార్లు అడిగితే జాబితా వచ్చేస్తుంది. కానీ ఫైల్ అసలు తేదీని ఆర్‌క్లోన్ ఆబ్జెక్ట్ తాలూకు మెటాడేటాలో (ఫైల్‌తోపాటు ఉండే వివరాల్లో) దాస్తుంది, అది జాబితాలో రాదు. తేదీ చూపడానికి ఒక్కో ఫొటోకి ఒక్కో రిక్వెస్ట్ పంపాలి. 12 కాస్తా 12,012 అవుతుంది. యూజ్-సర్వర్-మోడ్‌టైమ్ ఆప్షన్ పెడితే ఆ 12,000 తప్పిపోతాయి. అప్పుడు ఫొటో తేదీ బదులు అప్‌లోడ్ చేసిన తేదీ కనిపిస్తుంది.

తర్వాత థంబ్‌నెయిల్స్ సంగతి. ఎక్స్‌ప్లోరర్ బొమ్మలు చూపించడానికి ప్రతి ఫొటోనీ కొంతైనా దించుకోవాలి. ఆ ఫోల్డర్‌ని ‘డీటెయిల్స్’ వ్యూలో పెట్టుకోండి. యాంటీవైరస్ పూర్తి స్కాన్ నుంచి, విండోస్ సెర్చ్ ఇండెక్సింగ్ నుంచి ఎక్స్ డ్రైవ్‌ని తప్పించండి. లేకపోతే ఎవరూ ముట్టని రాత్రివేళ కూడా బకెట్ మొత్తం దిగుతూ ఉంటుంది. బకెట్‌లోకి రాసేది మీరొక్కరే అయితే డిర్-క్యాష్-టైమ్‌ని 72హెచ్ చేయండి. మామూలుగా 5 నిమిషాలకోసారి మర్చిపోయే జాబితాని 3 రోజులు గుర్తుంచుకుంటుంది.

ప్రశ్న: ఇంకో కంప్యూటర్ నుంచి పెట్టిన ఫైల్ నా డ్రైవ్‌లో వెంటనే కనిపించడం లేదు.

జవాబు: పైన చెప్పిన డిర్-క్యాష్-టైమే కారణం. కొత్త ఫైల్ వచ్చిందని ఎస్3 తనంతట తను కబురు పంపదు. 5 నిమిషాలు ఆగండి, లేదా ఆ సమయాన్ని 30 సెకన్లకు తగ్గించండి. తగ్గించేకొద్దీ జాబితా రిక్వెస్టులు పెరుగుతాయి. లినక్స్‌లో అయితే ఆర్‌క్లోన్ ప్రాసెస్‌కి హెచ్‌యూపీ సిగ్నల్ పంపితే జాబితా అప్పటికప్పుడు కొత్తగా తెచ్చుకుంటుంది.

ప్రశ్న: ఒక ఫోల్డర్ పేరు మారుస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడు సగం ఫైళ్లు పాత పేరు కింద, సగం కొత్త పేరు కింద ఉన్నాయి.

జవాబు: బకెట్‌లో ఫోల్డర్ అన్నదే లేదు. ‘పెళ్లి/వీడియోలు/1’ అనేది మొత్తం కలిపి ఒకటే పేరు, స్లాష్ ఉన్నచోట విరిచి మనకు ఫోల్డర్లుగా చూపిస్తారు. పేరు మార్చే ఆజ్ఞ కూడా ఉండదు. కొత్త పేరుతో కాపీ చేసి, పాతది తీసేయాలి. 3,000 ఫైళ్ల ఫోల్డర్ పేరు మారిస్తే 3,000 కాపీలు, 3,000 తొలగింపులు జరుగుతాయి. కాపీ సర్వర్ల దగ్గరే జరుగుతుంది కాబట్టి డేటా మీ ఇంటర్నెట్ మీదుగా రాదు, సమయం మాత్రం పడుతుంది. కాపీ పూర్తయ్యాకే పాతది పోతుంది కనుక మీ ఫైళ్లేవీ పోయి ఉండవు. ‘ఆర్‌క్లోన్ మూవ్’ కమాండ్‌కి పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్ ఇస్తే మిగిలినవి కూడా చేరతాయి.

ఖాళీ ఫోల్డర్ సృష్టిస్తే మర్నాటికి మాయమవడానికి కూడా ఇదే కారణం. అందులో ఒక్క ఫైలైనా వేస్తే నిలుస్తుంది.

ప్రశ్న: మొన్నటిదాకా బాగానే ఉంది. ఇప్పుడు ఏం చేసినా 403 (అనుమతి లేదు) ఎర్రర్. కీ మార్చలేదు.

జవాబు: ముందు కంప్యూటర్ గడియారం చూడండి. ప్రతి రిక్వెస్ట్ మీదా సమయంతో కూడిన సంతకం ఉంటుంది. అమెజాన్ సర్వర్ సమయానికీ దానికీ 15 నిమిషాలకు మించి తేడా ఉంటే తిరస్కరిస్తారు. గోడ గడియారంతో సరిపోతోంది కదా అని వదిలేయకండి. టైమ్ జోన్ తప్పుగా ఉండి, అంకెలు చేత్తో సరిచేసి ఉంటే తెర మీద సమయం సరిగ్గానే కనిపిస్తుంది, లోపల యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్క మాత్రం గంటల తేడాతో ఉంటుంది. ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ వాడేవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది. టైమ్ జోన్ సరిచేసి, సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తీసుకునేలా పెట్టండి.

చదవడం కుదురుతూ, రాసేటప్పుడే 403 వస్తుంటే అది వేరే జబ్బు. ఎక్కించే ముందు బకెట్ ఉందో లేదో చూసి, లేకుంటే సృష్టించడానికి ఆర్‌క్లోన్ ప్రయత్నిస్తుంది. పరిమిత కీకి ఆ హక్కు ఉండదు. ఎస్3-నో-చెక్-బకెట్ ఆప్షన్ చేర్చండి.

ప్రశ్న: కంప్యూటర్ పెట్టగానే డ్రైవ్ దానంతట అదే రావాలి. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను గానీ మూడు రోజులకోసారి పోతోంది. లినక్స్‌లో ఎలా?

జవాబు: టాస్క్ షెడ్యూలర్‌లో ‘ఈ పని 3 రోజులకు మించి నడిస్తే ఆపు’ అన్న గడి ముందే టిక్ చేసి ఉంటుంది, అది తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే ‘కరెంటు మీద ఉన్నప్పుడే నడుపు’ అన్న గడి కూడా తీయండి, లేకపోతే చార్జర్ పీకగానే డ్రైవ్ పోతుంది. ‘లాగాన్ అయినప్పుడు’ అన్న ట్రిగ్గర్, మీ సొంత యూజర్ పేరు ఇచ్చి, నో-కన్సోల్ ఆప్షన్ చేరిస్తే నల్ల కిటికీ కూడా కనపడదు. సిస్టమ్ ఖాతా పేరుతో నడిపితే ఆర్‌క్లోన్ మీ కాన్ఫిగ్ ఫైల్‌ని కనిపెట్టలేదు, కాన్ఫిగ్ ఆప్షన్‌తో దాని పూర్తి దారి ఇవ్వాలి.

లినక్స్‌లో ఫ్యూజ్3 ప్యాకేజీ వేసి, సిస్టమ్‌డీ సర్వీస్ రాసుకోండి. టైప్ ‘నోటిఫై’ అని, ఆపే కమాండ్‌గా ‘ఫ్యూజర్‌మౌంట్3’, హైఫన్ యు, ఫోల్డర్ దారి అని ఇవ్వండి. మౌంట్ చేసే ఫోల్డర్ ఖాళీగా ఉండాలి. వేరే యూజర్లకు కూడా కనపడాలంటే అలౌ-అదర్ ఆప్షన్‌తో పాటు ఈటీసీలోని ఫ్యూజ్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో ‘యూజర్_అలౌ_అదర్’ వరస ముందున్న హ్యాష్ గుర్తు తీయాలి.

లినక్స్ వాళ్లు ఒక జాగ్రత్త తప్పనిసరిగా తీసుకోవాలి. ఏ కారణంగానో మౌంట్ కాకపోతే ఆ ఫోల్డర్ మాత్రం మామూలు ఖాళీ ఫోల్డర్‌లా అక్కడే ఉంటుంది. రాత్రి నడిచే బ్యాకప్ స్క్రిప్ట్ సంతోషంగా అందులోకే రాసుకుంటూ పోతుంది, సొంత డిస్క్ నిండుతుంది, క్లౌడ్‌లోకి ఒక్క ఫైల్ వెళ్లదు. స్క్రిప్ట్ మొదట్లోనే ‘మౌంట్‌పాయింట్’ కమాండ్‌తో పరీక్షించి, లేకపోతే ఆగిపోయేలా రాయండి. మ్యాక్ వాళ్లకు ఒక్క మాట: హోమ్‌బ్రూ నుంచి వేసిన ఆర్‌క్లోన్‌తో మౌంట్ పనిచేయదు, ఆర్‌క్లోన్ సైట్ నుంచి నేరుగా దించుకోండి.

ప్రశ్న: బకెట్‌లో ఉన్నది 200 జీబీ. బిల్లు అంతకన్నా చాలా ఎక్కువకు వస్తోంది.

జవాబు: కంటికి కనపడని డేటా ఉందేమో చూడండి. పెద్ద ఫైళ్లు ముక్కలుగా ఎక్కుతాయి. అప్‌లోడ్ మధ్యలో తెగితే అప్పటిదాకా ఎక్కిన ముక్కలు జాబితాలో కనపడకుండా అక్కడే ఉండి అద్దె లాగుతుంటాయి. 7 రోజులు దాటిన అసంపూర్తి మల్టీపార్ట్ అప్‌లోడ్లను తీసేయమని లైఫ్‌సైకిల్ రూల్ పెట్టండి. వెర్షనింగ్ (పాత ప్రతులను దాచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే మీరు తీసేసిన, మార్చిన ప్రతి ఫైల్ పాత ప్రతి కూడా లెక్కలో ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపమని మేం చెప్పం. ఈ డ్రైవ్‌లో డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌ని నమ్ముకుని తెచ్చుకునేది కాదు, చెయ్యి జారితే కాపాడేది వెర్షనింగే. పాత ప్రతులను 30 రోజుల తర్వాత తీసేసే రూల్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఇవి రెండూ కాకపోతే డౌన్‌లోడ్ చార్జీలు, రిక్వెస్ట్ చార్జీలు చూడండి. థంబ్‌నెయిల్స్, యాంటీవైరస్ గురించి పైన చెప్పింది మీకూ వర్తిస్తుంది. అరుదుగా తీసే ఫైళ్ల కోసం అమెజాన్ పెట్టిన గ్లేషియర్ ఫ్లెక్సిబుల్, డీప్ ఆర్కైవ్ తరగతుల్లో ఉన్న ఫైళ్లు డ్రైవ్‌లో కనిపిస్తాయి గానీ తెరుచుకోవు. ముందు రిస్టోర్ అడిగి ఆగాలి. డ్రైవ్‌లా వాడే బకెట్‌ని ఆ తరగతుల్లోకి పంపొద్దు.

ప్రశ్న: తెలుగులో పేర్లు పెట్టిన ఫైళ్లు విండోస్‌లో బాగానే ఉన్నాయి. లినక్స్‌లోకి కాపీ చేస్తే కొన్ని ‘పేరు మరీ పొడవు’ అని ఆగిపోతున్నాయి.

జవాబు: విండోస్ పేరు పొడవుని అక్షర సంకేతాల్లో కొలుస్తుంది, లినక్స్ బైట్లలో కొలుస్తుంది. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ‘శ్రీ’ అన్నది చూడటానికి ఒక అక్షరమే అయినా లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 4 సంకేతాలు, 12 బైట్లు. లినక్స్‌లో ఒక ఫైల్ పేరుకి 255 బైట్లే హద్దు, అంటే 85 సంకేతాలు. ఎస్3లో ఫోల్డర్లతో సహా మొత్తం దారికి 1,024 బైట్లు, అంటే 341 సంకేతాలు. లోపల లోపల ఫోల్డర్లు పెట్టుకుంటూ పోయేవాళ్లు ఈ రెండో హద్దుని కూడా తాకుతారు. పేర్లు కుదించడం తప్ప మార్గం లేదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ దొంగల పాలైతే బకెట్ కూడా వాళ్ల చేతికి చిక్కినట్టేనా?

జవాబు: కాన్ఫిగ్ ఫైల్‌లో మీ సీక్రెట్ కీ చదవగలిగే రూపంలోనే ఉంటుంది, కాబట్టి అవుననే అనుకోండి. ‘ఆర్‌క్లోన్ కాన్ఫిగ్’ మెనూలో ‘ఎస్’ నొక్కి ఆ ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టొచ్చు. డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం ఇంకా మేలు, ఎందుకంటే క్యాష్ ఫోల్డర్‌లో మీ ఫైళ్లు కూడా ఉంటాయి. ల్యాప్‌టాప్ పోయిన వెంటనే కన్సోల్‌లోకి వెళ్లి ఆ కీని రద్దు చేయండి. ఈ పనికోసమే వేరే కీ తీసుకోమన్నది అందుకే, మిగతా పనులేవీ ఆగవు.

క్లౌడ్ కంపెనీ కూడా చూడకూడదనుకుంటే ‘క్రిప్ట్’ రకం రిమోట్‌ని గూడు మీద పెట్టి, దాన్ని మౌంట్ చేయండి. ఫైళ్లు, పేర్లు రెండూ మీ దగ్గరే గుప్తమై వెళతాయి. అప్పటికే బకెట్‌లో ఉన్నవి మాత్రం వాటంతట అవి మారవు, క్రిప్ట్ ద్వారా మళ్లీ ఎక్కించాలి. దాని పాస్‌వర్డ్‌నీ, రెండో పాస్‌వర్డ్ కూడా పెట్టి ఉంటే దాన్నీ, ఈ కంప్యూటర్‌లో కాకుండా వేరేచోట రాసి పెట్టుకోండి. అవి పోతే కంపెనీతో సహా ఎవరూ ఫైళ్లు తెరవలేరు.